మా క్లాసుకి గ్రాంటు వస్తుందా, టీచర్‌గారూ?

బడులు తెరిచిన కొత్తలో ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో బస్సు రూట్లు, గిఫ్టెడ్ టెస్టుల గురించి అడిగేవే ఎక్కువ. ఈసారి మాత్రం గ్రాంట్ల గురించి వరసగా అడిగారు. చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో, విరాళాలు పోగుచేసి క్లాసులకి గ్రాంట్లిచ్చే ఎడ్యుకేషన్ ఫౌండేషన్లు టీచర్ల దగ్గర దరఖాస్తులు తీసుకునేది సెప్టెంబరు, అక్టోబరుల్లోనే కదా. టెక్సస్‌లో పబ్లిక్ స్కూల్ టీచరుగా ఉన్నప్పుడు నేనూ ఈ దరఖాస్తులు రాశాను. రిటైరయ్యాక మా డిస్ట్రిక్టు ఫౌండేషన్‌లో వాటిని చదివి మార్కులు వేసే కమిటీలో కూర్చుంటున్నాను. ఈ నెల చోటంతా ఈ ఉత్తరాలకే ఇస్తున్నాను.

*మా అమ్మాయి నాలుగో గ్రేడు. వాళ్ళ టీచరు పిల్లలందరిచేతా సోలార్ ఓవెన్లు చేయించాలనుకుంటున్నారు, సామాన్లకి డబ్బు లేదన్నారు. మా వాట్సాప్ గ్రూపులో తెలుగువాళ్ళం కలిసి 400 డాలర్లు పోగుచేశాం. కవర్లో పెట్టి ఆవిడ చేతికి ఇచ్చేయొచ్చా? — ఒక తల్లి, టెక్సస్*

మీ ఆలోచన చాలా మంచిదమ్మా, కవరు మాత్రం వద్దు. టీచర్లు తల్లిదండ్రుల దగ్గర నగదు తీసుకోవడం మీద డిస్ట్రిక్టులకి నియమాలుంటాయి. మీరు ప్రేమతో ఇచ్చిన డబ్బుకి ఆవిడ ప్రిన్సిపాల్ దగ్గర సంజాయిషీ చెప్పుకోవాల్సి రావచ్చు.

ఇంత మొత్తానికి అన్నిటికంటే సులువైనది మీ బడి పీటీఏ, అంటే తల్లిదండ్రుల-టీచర్ల సంఘం. ఫలానా గ్రేడు ఫలానా ప్రాజెక్టుకి అని రాసి చెక్కు ఇవ్వండి. రెండోది డిస్ట్రిక్టు ఎడ్యుకేషన్ ఫౌండేషన్. ఇది డిస్ట్రిక్టులో భాగం కాదు, విడిగా నమోదైన 501(సి)(3) సంస్థ, అంటే విరాళాలకి పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్షలేని సంస్థ. ఇలాంటి సంస్థకి ఇస్తే మీలో చాలామంది పనిచేసే కంపెనీలు అంతే మొత్తం కలుపుతాయి. మన సాఫ్ట్‌వేర్ కుటుంబాల్లో ఈ మ్యాచింగ్ సదుపాయం ఉండీ అడగనివాళ్ళు ఎంతమందో! 400 కాస్తా 800 అయ్యే అవకాశాన్ని వదులుకోకండి, ఆఫీసు పోర్టల్‌లో ఒకసారి చూడండి. చేతికిచ్చిన నగదుకి పన్ను మినహాయింపు ఉండదు, మ్యాచింగూ రాదు.

మూడోది డోనర్స్‌చూజ్. న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో సోషల్ స్టడీస్ చెప్పే చార్లెస్ బెస్ట్ అనే టీచరు 2000లో మొదలుపెట్టిన సంస్థ ఇది. టీచరు తనకి కావాల్సిన వస్తువుల జాబితా పెడతారు, దాతలు డబ్బు నింపుతారు. సంస్థవాళ్ళు ఆ డబ్బు టీచరుకి పంపరు, వస్తువులే కొని నేరుగా బడికి పంపిస్తారు. అందుకే లెక్కల గొడవ ఉండదు. కొన్ని డిస్ట్రిక్టుల్లో దీనికి ప్రిన్సిపాల్ అనుమతి ముందే తీసుకోవాలి, ఆ సంగతి టీచరునే అడగండి.

ఒక మాట అడగకుండానే చెబుతున్నాను. మీ అమ్మాయి సెక్షనుకే కాకుండా నాలుగో గ్రేడు మొత్తానికి ఎంతవుతుందో కనుక్కోండి. ఒక గదిలో పిల్లలు ఓవెన్లు చేస్తుంటే పక్కగది పిల్లలు కిటికీలోంచి చూడడం నాకు నచ్చదు. సోలార్ ఓవెన్ అంటే పిజ్జా డబ్బా, అల్యూమినియం ఫాయిల్, నల్ల కాగితం, ప్లాస్టిక్ రేపరు, థర్మామీటరు. ఇందులో ఖరీదైనవి థర్మామీటర్లే, అవి సెక్షన్లు మార్చుకుని వాడుకోవచ్చు. డబ్బాల మూతలు కట్టర్‌తో కోసిపెట్టడానికి ఒక మధ్యాహ్నం ఇద్దరు తల్లులు వెళ్తే టీచరుకి సగం బరువు దిగిపోతుంది.

టీచర్లు సొంత డబ్బు ఎంత పెడతారో కూడా మన తల్లిదండ్రులకి తెలియాలి. 2014-15 బడి సంవత్సరానికి ఫెడరల్ విద్యా గణాంకాల కేంద్రం చేసిన సర్వేలో పబ్లిక్ స్కూల్ టీచర్లలో 94 శాతం మంది తిరిగిరాని సొంత డబ్బు క్లాసు మీద ఖర్చుపెట్టామన్నారు. ఖర్చుపెట్టినవాళ్ళ సగటు 479 డాలర్లు. పన్ను లెక్కలో టీచరుకి దక్కే ప్రత్యేక మినహాయింపు 2002 నుంచి 250 డాలర్లు ఉండేది, 2022లో 300 అయింది.

*ఏడాదికి 11 వేల డాలర్ల ప్రాపర్టీ టాక్స్ కడుతున్నాను. బిల్లులో పెద్ద భాగం స్కూల్ డిస్ట్రిక్టుదే. మళ్ళీ ఫౌండేషన్ గాలా విందు అని, ఫన్ రన్ అని విరాళాలు అడుగుతున్నారు. ఈ డబ్బంతా ఎటు పోతోంది? — ఒక తండ్రి, టెక్సస్*

మీ కోపంలో న్యాయముంది. బిల్లు తీసి చూడండి. స్కూలు పన్ను రెండు ముక్కలుగా ఉంటుంది. ఎం అండ్ ఓ అంటే రోజువారీ నిర్వహణ: జీతాలు, కరెంటు, బస్సులు. ఐ అండ్ ఎస్ అంటే బాండ్ల అప్పు తీర్చేది: భవనాలు, స్టేడియాలు. "కొత్త స్టేడియం కట్టారుగా, రంగు పెన్సిళ్ళకి డబ్బు లేదా?" అని చాలామంది అడుగుతారు. ఈ రెండో ముక్క డబ్బుని మొదటి ముక్క ఖర్చులకి వాడకూడదు, అది చట్టం.

ఇక మొదటి ముక్క. డిస్ట్రిక్టు బడ్జెట్‌లో సింహభాగం జీతాలకీ, ఉద్యోగుల బీమాకీ పోతుంది, పోవాలి కూడా. ఆస్తుల విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టుల నుంచి రాష్ట్రం కొంత తిరిగి తీసుకుంటుంది. 1993 నాటి ఈ పద్ధతిని రీక్యాప్చర్ అనీ, రాబిన్‌హుడ్ అనీ అంటారు. ఇంకోపక్క రాష్ట్రం ఒక్కో విద్యార్థికి లెక్కకట్టే బేసిక్ అలాట్‌మెంట్ 2019లో 6,160 డాలర్లు అయ్యాక 2025 దాకా కదల్లేదు. మధ్యలో ధరలు ఎంత పెరిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఫెడరల్ ప్రభుత్వ వాటా దేశం మొత్తమ్మీద సుమారు పదో వంతు. అందులో ముఖ్యమైనది పేద పిల్లలున్న బడులకిచ్చే టైటిల్ వన్. కొటుల్లా అనే చిన్న ఊళ్ళో పేద మెక్సికన్ అమెరికన్ పిల్లలకి పాఠాలు చెప్పిన లిండన్ జాన్సన్ ప్రెసిడెంటయ్యాక, 1965లో ఆ చట్టం మీద సంతకం చేశారు. కోవిడ్ కాలంలో వచ్చిన ప్రత్యేక ఫెడరల్ నిధుల గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. ఇవన్నీ పోగా క్లాసురూములో కొత్త ఆలోచనకి మిగిలేది చాలా తక్కువ. ఆ చిన్న ఖాళీలోకే ఫౌండేషన్ గ్రాంటు వస్తుంది.

కాలిఫోర్నియాలో 1978లో ప్రపోజిషన్ 13 ప్రాపర్టీ టాక్స్‌కి కళ్ళెం వేశాక ఊరూరా ఇలాంటి ఫౌండేషన్లు పుట్టాయి. అక్కడా ఇక్కడా నన్ను బాధపెట్టేది ఒకటే. డబ్బున్న తల్లిదండ్రులుండే డిస్ట్రిక్టుల ఫౌండేషన్లు బలంగా ఉంటాయి. అవసరం ఎక్కువున్న చోట బలహీనంగా ఉంటాయి, లేదా అసలుండవు. ఈ తేడాని గాలాలు పూడ్చలేవు. కాగితాలకీ, పాఠ్యపుస్తకాలకీ, టీచరు జీతానికీ గ్రాంటు వెతుక్కునే పరిస్థితి వస్తే అది రాష్ట్రం తన బాధ్యత వదిలేయడమే అంటాను. గ్రాంటు ఉన్నది పైమెట్టు కోసం, పునాది కోసం కాదు.

కాబట్టి మీరు విరాళం ఇవ్వకపోయినా నేనేమీ అనుకోను. బోర్డు మీటింగుకి మాత్రం వెళ్ళండి. స్కూల్ ట్రస్టీల ఎన్నికల్లో ఓటేసేవాళ్ళు చాలా తక్కువమంది, మీకు ఓటుంటే తప్పకుండా వేయండి. వీసా మీద ఉన్నా పబ్లిక్ కామెంట్‌లో మాట్లాడొచ్చు. టెక్సస్ లెజిస్లేచర్ బేసి సంవత్సరాల్లో జనవరిలో కూర్చుంటుంది, మీ ప్రతినిధి ఆఫీసుకి అప్పుడు ఫోన్ చేయండి. విరాళం ఇద్దామనిపిస్తే సగం మన డిస్ట్రిక్టుకీ, సగం పక్క పేద డిస్ట్రిక్టుకీ ఇవ్వమని నా సలహా. డబ్బు ఎటు పోతోందో దగ్గర నుంచి చూడాలనుంటే ఇంకో దారి ఉంది: చాలా ఫౌండేషన్లు దరఖాస్తులు చదవడానికి వాలంటీర్లని పిలుస్తాయి. నిలదీసి అడిగే మీలాంటివాళ్ళు ఆ బల్ల దగ్గర ఉండాలి.

*హెచ్4 ఈఏడీ (హెచ్1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) మీద టీచర్ సర్టిఫికేషన్ చేసి ఐదో గ్రేడుకి సైన్సు చెబుతున్నాను. నిరుడు పది ఐప్యాడ్ల కోసం ఫౌండేషన్‌కి రాస్తే రాలేదు. "విద్యార్థుల్లో సృజనాత్మకత, విమర్శనాత్మక ఆలోచన, 21వ శతాబ్దపు నైపుణ్యాలు పెంపొందించడానికి" అని శ్రద్ధగా రాశాను. ఈసారి చాట్‌జీపీటీతో రాయించనా? మళ్ళీ రాకపోతే ప్రిన్సిపాల్ ఏమనుకుంటారో అని టెన్షన్‌గా ఉంది. — ఒక కొత్త టీచరు*

ముందు టెన్షన్ వదిలెయ్ తల్లీ. వచ్చిన దరఖాస్తులన్నిటికీ ఇచ్చేంత డబ్బు ఏ ఫౌండేషన్ దగ్గరా ఉండదు. నిరుడు రానివాళ్ళు ఈ ఏడు మెరుగుచేసి పంపితే కమిటీ సంతోషంగానే చదువుతుంది. నువ్వు ఫౌండేషన్ ఆఫీసుకి ఒక ఈమెయిలు రాసి కమిటీ ఏమందో అడుగు. చాలాచోట్ల చెబుతారు, ఎవరూ అడగరు అంతే.

నువ్వు రాసిన ఆ వాక్యం తప్పేమీ కాదు, కానీ అది ఏ క్లాసుకైనా సరిపోతుంది. చాలాచోట్ల బడి పేరు, టీచరు పేరు తీసేసి మాకిస్తారు. అలాంటి కాగితంలో ఆ క్లాసుని మేం చూడగలగాలి. నీ మొదటి వాక్యంలో ఐప్యాడ్లున్నాయి, పిల్లలు లేరు. అది చదవగానే "ఇది డిస్ట్రిక్టు టెక్నాలజీ బడ్జెట్‌లో కొనాల్సింది కదా" అని ఎవరో ఒకరు అంటారు. అక్కడితో చర్చ ఆగిపోతుంది.

మా కమిటీకి వచ్చిన ఒక దరఖాస్తు గురించి చెబుతాను. అదీ ఐదో గ్రేడు సైన్సే. బడి వెనకాల చిన్న వాగుంది. అందులో నీళ్ళు ఆరోగ్యంగా ఉన్నాయా లేదా అన్నది నీళ్ళలోని పురుగుల్ని బట్టి పిల్లలు తేల్చాలి. మేఫ్లై, క్యాడిస్‌ఫ్లై పిల్లపురుగులు కాలుష్యాన్ని తట్టుకోలేవు. జలగలు, కొన్ని రకాల ఎర్రపురుగులు మురికిలోనూ బతికేస్తాయి. ఏవి ఎన్ని దొరికాయో లెక్కపెడితే వాగు సంగతి తెలుస్తుంది. ఆ టీచరు ఇలా రాశారు: "నా క్లాసులో 28 మంది, నలుగురేసి ఏడు గుంపులు. ఒక్కో గుంపుకి ఒక తెల్లటి ట్రే, ఒక వల, రెండు భూతద్దాలు. ఒకరు వలతో తీస్తారు, ఇద్దరు భూతద్దాలతో చూస్తారు, ఒకరు రాస్తారు. పది నిమిషాలకోసారి పనులు మారతాయి. వల పట్టుకోనివాళ్ళు ఎవరూ ఉండరు." బడ్జెట్‌లో ఏడు ట్రేలు, పద్నాలుగు భూతద్దాలు, వలలు మాత్రం ఎనిమిది. పక్కన "ఒకటి కచ్చితంగా చిరుగుతుంది" అని రాసి ఉంది. రబ్బరు బూట్లు ఒకే ఒక్క జత. పిల్లలు నీళ్ళలోకి దిగరు, టీచరే దిగి బకెట్లతో నీళ్ళు గట్టు మీదికి తెస్తారు, పిల్లల వలలు బకెట్లలోనే. పిల్లలు వాగులో దిగితే ప్రమాదం కదా అని మాలో ఒకరు నోరు తెరిచేలోపు జవాబు కాగితం మీదే ఉంది.

మొత్తం వెయ్యి డాలర్ల లోపే అడిగారు. చదువుతున్నంతసేపూ మేం ఆ గట్టు మీద నిలబడినట్టే ఉంది. చర్చ లేకుండానే మంజూరు చేశాం. ఎనిమిదో వలని గుర్తుచేసుకుంటే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది. పిల్లలతో రోజూ గడిపేవాళ్ళకే తట్టే సంగతి అది.

ఇప్పుడు నీ దరఖాస్తు. ఐప్యాడ్లు పక్కనపెట్టి ఆలోచించు. నీ పిల్లలు ఈరోజు చేయలేకపోతున్నది ఏమిటి? దేని దగ్గర ఆగిపోతున్నారు? ఒక వారం పాఠం కళ్ళకి కట్టినట్టు రాసుకో: సోమవారం ఎవరి చేతిలో ఏముంటుంది, శుక్రవారానికి ఏం తయారవుతుంది. ఆ తర్వాతే వస్తువుల జాబితా. అప్పుడు కూడా ఐప్యాడ్లే కావాలంటే పదెందుకు, నాలుగు చాలవా అని నిన్ను నువ్వే అడుగు. పరికరాలకి, యాప్‌లకి డిస్ట్రిక్టు టెక్నాలజీ విభాగం ఆమోదం ముందే తీసుకోవాలి. పిల్లల వివరాలు సేకరించే యాప్ అయితే మరీ ముఖ్యం. ఆమోదం లేదని పక్కన పడిపోయిన మంచి దరఖాస్తులు నేను చూశాను.

బడ్జెట్ దగ్గర బద్ధకించకు. డిస్ట్రిక్టు ఆమోదించిన వెండర్ దగ్గర కొటేషన్ తీసుకో. షిప్పింగ్ ఖర్చు కలుపు. సేల్స్ టాక్స్ కలపకు, బడులకి ఉండదు. తిండి, టీషర్టులు, బస్సు ఖర్చు చాలా ఫౌండేషన్లు ఇవ్వవు, నియమాలు చదువుకో. గ్రాంటుతో కొన్నవి నీవి కావు, బడివి. వచ్చే ఏడాది నువ్వు వేరే బడికి మారితే ఎవరు వాడతారో ఒక వాక్యం రాయి.

ఫలితం ఎలా కొలుస్తారు అనే గడిలో చాలామంది "రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలో స్కోర్లు పెరుగుతాయి" అని రాస్తారు. ఆరు వారాల ప్రాజెక్టుతో స్టార్ స్కోరు పెరిగిందని ఎవరూ రుజువు చేయలేరు, అది చదివేవాళ్ళకీ తెలుసు. ఆ వాగు టీచరు, మొదటిరోజు పిల్లలచేత "వాగులో ఏముంటుంది?" అని బొమ్మ గీయించి, చివరిరోజు అదే బొమ్మ మళ్ళీ గీయించి రెండూ పక్కపక్కన పెడతానన్నారు. మొదటి బొమ్మల్లో చేపలు, నీళ్ళు. రెండో బొమ్మల్లో పురుగులకి కాళ్ళెన్నో, మొప్పలెక్కడో. రిపోర్టుతో పాటు ఆ బొమ్మలు వచ్చినప్పుడు మేం ఒకరి చేతిలోంచి ఒకరం లాక్కుని చూశాం.

చాట్‌జీపీటీ సంగతంటావా, నీ ఇంగ్లీషు సరిచూసుకోవడానికి వాడుకో. మొదటి ప్రతి మాత్రం నువ్వే రాయి. ఎనిమిదో వల దానికెలా తెలుస్తుంది?

*నేను లెవెన్త్ గ్రేడు. మా రోబోటిక్స్ క్లబ్‌కి మేమే గ్రాంటు అప్లై చేయొచ్చా? — ఒక విద్యార్థి*

కొన్ని ఫౌండేషన్లు విద్యార్థుల దరఖాస్తులు కూడా తీసుకుంటాయి నాన్నా, కానీ స్పాన్సర్ టీచరు సంతకం కావాలి. డబ్బు క్లబ్ ఖాతా ద్వారానే ఖర్చుకావాలి. మీ సొంత పేర్లతో ఆన్‌లైన్‌లో చందాలు మాత్రం మొదలుపెట్టొద్దు, బడి పేరు వాడితే చిక్కుల్లో పడతారు. ఊళ్ళోని మెషీన్ షాపుల్ని డబ్బు కాకుండా మిగిలిపోయిన అల్యూమినియం ముక్కలు అడగండి. ఇస్తారు.

*మా ఎలిమెంటరీ స్కూల్లో తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు. లైబ్రరీలో తెలుగు పుస్తకాలు పెట్టించడానికి గ్రాంటు దొరుకుతుందా? కొన్ని మేమే కొనిస్తామన్నా లైబ్రేరియన్ తటపటాయిస్తున్నారు. — ఒక అమ్మమ్మ, టెక్సస్*

లైబ్రేరియన్‌ని తప్పుపట్టకండమ్మా. టెక్సస్‌లో 2025లో వచ్చిన కొత్త చట్టం ప్రకారం లైబ్రరీలోకి వచ్చే పుస్తకాలు, విరాళంగా ఇచ్చినవైనా సరే, స్కూల్ బోర్డు ఆమోదం పొందాలి. తనకి చదవడం రాని భాషలో పుస్తకం తీసుకుని ఇందులో ఏముందో తనకి తెలుసని ఆవిడ ఎలా చెప్పగలరు? కేటలాగులో పేరెలా ఎక్కించాలి, ఏ అరలో పెట్టాలి అన్నదీ సమస్యే. మీరు చేయగల సాయం ఇక్కడే ఉంది. ఒక్కో పుస్తకానికి ఇంగ్లీషు లిపిలో పేరు, రచయిత, నాలుగు వాక్యాల సారాంశం, ఏ వయసు పిల్లలకో రాసి ఇవ్వండి. రెండు భాషలూ ఒకే పేజీలో ఉన్న పుస్తకాలతో మొదలుపెడితే ఆవిడకీ సులువు.

గ్రాంటు కోసమైతే తెలుగు ఒక్కటే అడగొద్దని నా గట్టి అభిప్రాయం. ఆ బడిలో స్పానిష్, వియత్నామీస్, అరబిక్, ఉర్దూ ఇళ్ళ పిల్లలూ ఉంటారు. "ఇంటి భాషల అర" అని అందరి తరఫున టీచరూ లైబ్రేరియనూ కలిసి రాస్తే కమిటీకి కాదనడం కష్టం. ఇంకా మంచి ఆలోచన, పుస్తకాలు కొనడమే కాదు, పిల్లలచేత తయారుచేయించడం. మీలాంటి అమ్మమ్మ కథ చెబుతుంది, మనవరాలు బొమ్మలు వేస్తుంది, రెండు భాషల్లో రాస్తారు, మీ గొంతు రికార్డు చేసి పుస్తకానికి జతచేస్తారు. దీనికి కావాల్సినవి మంచి కాగితం, బైండింగ్ మెషీను, ఒకటో రెండో రికార్డర్లు. చిన్న గ్రాంటులో హాయిగా సరిపోతుంది.

ఆ దరఖాస్తుకి బలం బడిలో ఏ భాష ఇళ్ళ పిల్లలు ఎంతమంది అన్న అంకెలు. పేర్లు లేకుండా అంకెలు మాత్రమే అయితే ఆఫీసు ఇవ్వగలదు, పిల్లల వివరాల గోప్యత చట్టం అడ్డురాదు. ఆ అంకెలు వచ్చేది చేర్పించేటప్పుడు తల్లిదండ్రులు నింపే హోమ్ లాంగ్వేజ్ సర్వే నుంచి. ఇక్కడే మనవాళ్ళ దగ్గర ఒక చిక్కుంది. వేరే భాష పేరు రాస్తే పిల్లలకి ఇంగ్లీషు పరీక్ష పెడతారనీ, ఇంగ్లీషు సరిగా రాని పిల్లల కోసం పెట్టే ఈఎస్‌ఎల్‌లో వేస్తారనీ భయపడి, ఇంట్లో పొద్దస్తమానం తెలుగు మాట్లాడుతూ కూడా ఇంగ్లీషు అని రాసేస్తున్నారు. పరీక్షలో ఇంగ్లీషు బాగా వచ్చని తేలితే ఈఎస్‌ఎల్ ఉండదు. అవసరమని తేలినా వద్దనే హక్కు తల్లిదండ్రులకుంది. ఈసారి చిన్న మనవణ్ణి కిండర్‌గార్టెన్‌లో చేర్పించేటప్పుడు మీ అమ్మాయి పక్కన కూర్చుని ఆ గడిలో తెలుగు అని రాయించండి.